పేరుపాలెం తీరాన నేర్చిన పాఠం

గత సంక్రాంతి సెలవుల్లో మేము కుటుంబ సమేతంగా నరసాపురం మీదుగా పేరుపాలెం సముద్రతీరానికి వెళ్ళాము. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే మా తమ్ముని కుమారుడు, అప్పుచేసి కొన్న కెమెరా డ్రోన్‌ను వెంట తెచ్చాడు. పైనుండి సరుగుడు తోపులు, వరుసగా విరిగే కెరటాలు ఫోనులో కనబడుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు.

దానిని ఇసుకలోనే దించాము. మరల ఎగరవేయబోగా ఒక మోటారు గరగరలాడింది, బొమ్మ వణికింది. ఆ శుక్రవారమే ఒక పెళ్ళి ఒప్పుకొనియున్నాడు. “ఒక్కసారి చూద్దాం, పెదనాన్నా!” అన్నాడు. వద్దని బ్యాటరీ తీయించాము. ఇసుకతో తిప్పినకొద్దీ బేరింగులు అరిగిపోతాయి.

మన తీరపు నల్ల ఇసుకలో అయస్కాంతానికి అంటుకొనే రేణువులుంటాయి. మోటారులోని అయస్కాంతాలు వాటిని ఒకపట్టాన వదలవు. ఇంటికి వచ్చి మెత్తని కుంచెతో దులిపి, రబ్బరు బుడ్డితో గాలి ఊది, మిగిలినవాటిని జిగురు టేపుతో అద్ది తీశాము. కెమెరా మెడను బలవంతంగా తిప్పక, మెల్లగా దులిపాము. మంచినీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో పైనున్న ఉప్పును తుడిచి, నీడలో ఆరబెట్టాము.

మరునాడు చేతితో తిప్పి చూడగా నాలుగు మోటార్లూ చప్పుడు లేకుండా తిరిగాయి. గరగర పోనియెడల మోటారు మార్పించవలసియుండేది.

శుక్రవారం పెళ్ళి వీడియో చక్కగా వచ్చింది. ఇప్పుడు మావాడు చాప లేనిదే సముద్రతీరానికి వెళ్ళడు.