ఎత్తేవాళ్లు ఎవరు?

మా ఊరి బడి అరుక్కి మూడు మెట్లుండేవి. మా తమ్ముడు ఆ మెట్ల ముందే ఆగిపోయేవాడు. వాడు 1970లో పుట్టాడు. రెండో ఏట జొరమొచ్చి రెండు కాళ్లూ పడిపోయినయ్. పోలియో అనే మాట మా మాదిగపల్లెకు అప్పటికింకా రాలేదు. గాలి సోకిందనుకున్నారు.

అమ్మ నాట్లకు పోతా వాణ్ణి చంకనేసుకొచ్చి బడికాడ దించితే, అయ్యోరు అడిగాడు, 'వీణ్ణి ఎవరెత్తుతారే?' అని. ఎత్తాలంటే ముట్టుకోవాల. ఊళ్లో పిల్లలు ముట్టుకోరు, అయ్యోరూ ముట్టుకోడు. వాడికన్నా రెండేళ్లు పెద్దదాన్ని నేనే వీపునెక్కించుకొని, మా పల్లె పిల్లలు కూసునే వసారా మూలన దించేదాన్ని. ఒంటికి పోవాలన్నా నా వంకే చూసేవాడు. నేను రాని రోజు మంచినీళ్లు తాక్కుండా, పొద్దుగూకులూ బిగబట్టుకొని కూసునేవాడు. ఎక్కాలు మాత్రం నాకంటే గట్టిగా చెప్పేవాడు.

1979లో అయిదు పాసై నేను టౌనులో సాంఘిక సంక్షేమ హాస్టలుకి పోయాను. వాడి బడి ఆ రోజుతో ఆగిపోయింది. నా కులం పేరున వచ్చిన హాస్టలు నన్ను చదివించింది, వాణ్ణి ఇంట్లో కూసోబెట్టింది. ఇది రాయడానికి నాకిన్నేళ్లు పట్టింది.

నేను టీచరునయ్యాక చట్టాలు చదివాను. వికలాంగ పిల్లల్ని మామూలు బడుల్లోనే చదివించాలని కేంద్రం 1974లోనే పథకం పెట్టిందంట. మా అయ్యోరికీ తెలిసుండదు. 1995 చట్టం పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువన్నది. రాకపోకలకు ఏర్పాటు చెయ్యాలనీ, బడిలో అడ్డంకులు తీసెయ్యాలనీ అన్నది. అప్పటికి తమ్ముడికి ఇరవై అయిదు. నులకమంచాలల్లుకుంటున్నాడు.

అమెరికాలో నల్లపిల్లలకు వేరే బడి పెట్టడం సమానత్వం కాదని 1954లో సుప్రీంకోర్టు చెప్పింది. వికలాంగ పిల్లల తల్లిదండ్రులు ఆ తీర్పునే పట్టుకొని కోర్టుకెక్కారు. డబ్బుల్లేవని వాషింగ్టన్ బడుల అధికారులంటే, ఆ కొరత భారమంతా ఈ పిల్లల మీదే వెయ్యడం కుదరదని 1972లో ఒక నల్ల జడ్జి, జోసెఫ్ వాడీ, తేల్చాడు. 1975లో అక్కడ చట్టమొచ్చింది. వెలేసినోళ్ల కొట్లాట ఇంకొకళ్లకు దారైంది. మన దగ్గరో? 2009 విద్యాహక్కు చట్టంలో 'ప్రతికూల పరిస్థితుల్లోని పిల్లలు' అనే నిర్వచనంలో ఎస్సీలున్నారు, వికలాంగుల పేరు లేదు. 2012 సవరణలో చేర్చారు. మా తమ్ముడు రెండూ. వాడు ఏ గడిలో కూసోవాల?

ఆ సవరణే తీవ్ర వైకల్యమున్న పిల్లలకు ఇంటిదగ్గరే చదువుకునే హక్కు కూడా ఇచ్చింది. 2014లో మా బడికి ఒకమ్మ కూతుర్ని చంకనేసుకొచ్చింది. ర్యాంపు కట్టి ఉంది. అయినా మా స్టాఫురూములో ఒకాయన, 'ఇంటికాడి చదువని రాయించుకో తల్లీ, నీకూ సుఖం' అన్నాడు. ఎంచుకునే హక్కు ఆ పిల్లది, మనది కాదని గొడవపడి చేర్పించాను. 2016 చట్టం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గర్లోని బడో, ప్రత్యేక బడో ఎంచుకోవచ్చని ఇంకా స్పష్టంగా రాసింది.

ఆ గొడవ సంగతి ఆ రాత్రే తమ్ముడికి చెప్పాను. నులక లాగుతా తలెత్తకుండానే అన్నాడు:

'ఇంట్లో కూసునేదానికి చట్టమెందుకక్కా? నేను కూసోలా? ఇంతకీ ఆ పిల్లని ఎవరెత్తుతున్నారు?'