పక్కకి 23 నిమిషాలు

జిరాక్స్ మెషీన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితాల దొంతర, పెనం మీంచి దించిన రొట్టెల్లా వెచ్చగా ఉండేది. 1995 చలికాలం. అమెరికాలో ఆరిగాన్ రాష్ట్రం, పోర్ట్‌లండ్ ఊరు. యూనివర్సిటీ లైబ్రరీ కింద కాపీ గదిలో సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా నా పని ఆ దొంతరలకి అంచులు సరిచేసి స్టేపుల్ కొట్టడం. బయట ఎప్పుడూ సన్నటి వాన. తెనాలి నుంచి వచ్చి నాలుగు నెలలు. పోర్ట్‌లండ్‌లో నా చేతులకి వెచ్చగా తగిలినవి ఆ కాగితాలే.

పదిన్నర దాటాక వాళ్లొచ్చేవాళ్లు. ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు అమ్మాయిలు. పొట్టి క్రాపులు, మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంట్లు. సంచిలో కత్తెర, జిగురు, టైపు కొట్టిన కాగితం ముక్కలు. నేలమీద చతికిలబడి పేజీలు అతికించేవాళ్లు. ఫొటోకి కాపీ, ఆ కాపీకి మళ్లీ కాపీ తీసేసరికి మొహాలు కరిగిపోయి కళ్లూ గిటారూ మాత్రం మిగిలేవి. ఆ పుస్తకాన్ని జీన్ అనేవాళ్లు. మ్యాగజీన్‌లో తోకముక్క అన్నమాట. పేజీకి అయిదు సెంట్లు. వాళ్లు ఎనభై తీస్తే నేను నలభై అని రాసేవాణ్ణి. ఎందుకని వాళ్లూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు.

ఒక రాత్రి ఒక పేజీ మెషీన్ అద్దం మీదే మర్చిపోయారు. తీసి చదివాను. ఎవరో అమ్మాయి, తను అమ్మాయిల్నే ప్రేమిస్తుందని వాళ్లమ్మతో ఎలా చెప్పిందో రాసుకుంది. తనని తను క్వీర్ అనుకుంది. అది ఇంగ్లీషులో తిట్టేనని నాకు తెలుసు. దాన్నే పేరుగా పెట్టుకోవడం చూడటం మాత్రం అదే మొదలు. మా వీధిలో నాలాంటి వాళ్లకున్న మాటలన్నీ తిట్లే. వాటిల్లో మర్యాదైనది ఆడంగి. మర్నాడు ఆ పేజీ తిరిగిచ్చేటప్పుడు నా మొహంలో ఏం కనబడిందో, వారం తిరక్కుండా కౌంటర్ మీద ఒక క్యాసెట్ పెట్టి వెళ్లారు.

అది 46 నిమిషాల క్యాసెట్, పక్కకి 23. మొదటి పక్క టీమ్ డ్రెష్ అనే బృందం తొలి ఆల్బమ్ 'పర్సనల్ బెస్ట్'. ఆ ఏడాదే వచ్చింది. బృందంలో డోనా డ్రెష్ అంతకుముందు చెయిన్‌సా అనే జీన్ నడిపింది. అదే పేరు తర్వాత రికార్డు కంపెనీ పేరయింది. బృందంలోనే ఉన్న జోడీ బ్లైల్‌కి క్యాండీ యాస్ అని ఇంకో చిన్న కంపెనీ ఉంది. ఆల్బమ్ ఆ రెంటి పేరు మీదా వచ్చింది. అంటే పాట కట్టిన చేతులే దాన్ని అచ్చేసి, అట్టపెట్టెల్లో సర్ది, టపాకి వేశాయి.

పాటలు మొదట అరుపుల్లా వినిపించాయి. పదోసారి వినేటప్పటికి అందులో రెండు గొంతులు ఒకదాన్నొకటి పట్టుకుని నడవడం తెలిసింది. తొమ్మిదో పాట పేరులో స్ప్రింగ్‌ఫీల్డ్ ఉంది. పోర్ట్‌లండ్‌కి దక్షిణాన అదే పేరుతో ఒక చిన్న ఊరుంది. 1992 మే నెలలో ఆ ఊరు మాలాంటి మనుషులకి వ్యతిరేకంగా ఓటేసి చట్టం చేసుకుంది. ఆ నవంబరులో రాష్ట్రమంతా ఓటింగు జరిగింది. స్వలింగ ప్రేమ అసహజం, తప్పు అని ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలోనే రాయాలన్నారు. అది వీగిపోయింది గానీ నూటికి 43 మందికి పైగా సరేనన్నారు. కాపీ గదిలోకి వచ్చే ప్రతి మనిషినీ చూసి, ఈయన ఆ నలభై ముగ్గురిలో వాడా అనుకునేవాణ్ణి.

జీన్ల వెనక పేజీల్లో వేరే జీన్ల చిరునామాలుండేవి. ఆ దారిన వెనక్కి పోతే 1985లో టొరంటోలో జి.బి. జోన్స్, బ్రూస్ లాబ్రూస్ మొదలుపెట్టిన 'జే.డీస్', 1988లో శాన్ ఫ్రాన్సిస్కోలో వచ్చిన 'హోమోకోర్' తగిలేవి. పంక్ సంగీతం వాళ్లు తమని వెలివేశారని, గే బార్లలో తమ పాటకి చోటు లేదని, రెండు చోట్లా ఇమడనివాళ్లు కాగితం మీద కలుసుకున్నారు. ఇలాంటి బృందాలు చాలావరకు ఆ తర్వాతే పుట్టాయి.

ఆ చిరునామాలకి నేనూ ఉత్తరాలు రాశాను. ఒక డాలరు నోటు, రెండు 32 సెంట్ల స్టాంపులు. నోటు బయటికి కనబడకుండా నల్లకాగితంలో మడిచేవాణ్ణి. స్టాంపు మీద పల్చగా జిగురు రాస్తే పోస్టాఫీసు ముద్ర దానిమీదే పడుతుంది, కడిగితే పోతుంది, స్టాంపు మళ్లీ పనికొస్తుంది. ఈ విద్య నాకు వాళ్లే నేర్పారు. నెల తిరిగేసరికి మా గది డబ్బాలో రెండు కవర్లు ఒకదానిమీద ఒకటి పడి ఉండేవి. ఒకటి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పంపిన జీన్. రెండోది అమ్మ ఉత్తరం, అందులో ఎవరో పిల్ల జాతకం. రూమ్మేట్ రెండూ తెచ్చి మంచం మీద పడేసి, "ఏం బావా, సంబంధమా?" అనేవాడు.

ఒక్కసారే కచేరీకి వెళ్లాను. ఏదో పాత హాలు, తలకి అయిదు డాలర్లు. పాటకి ముందు ఒకావిడ, ఎవరైనా మణికట్టు పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో చేసి చూపించింది. పట్టుకున్నవాడి బొటనవేలు ఎటుందో అటు లాగాలి. పక్కనున్న వాళ్లతో సాధన చెయ్యమంది. ఒక కుర్రాడు నా చెయ్యి పట్టుకున్నాడు. మొదటిసారి నేను లాగలేదు.

తొంభైల చివరికి టీమ్ డ్రెష్ ఆగిపోయింది. నేను శాన్ హోసే వెళ్లాను. రాసిన ఉత్తరాలు చిరునామాదారు లేరన్న ముద్రతో తిరిగొచ్చాయి. 2004లో వాళ్లు మళ్లీ కలిసి ఒలింపియాలో జరిగిన క్వీర్ ఉత్సవంలో పాడారని చాలా ఆలస్యంగా తెలిసింది. 2018 సెప్టెంబరు 6న ఢిల్లీలో సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద తీర్పు చెప్పి, స్వలింగ సంబంధం నేరం కాదన్నప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో తోచలేదు. అప్పటికి అమ్మ లేదు.

2019లో ఆ ఆల్బమ్ మళ్లీ విడుదలయింది. ఫోన్‌లో పెట్టుకున్నాను. మొత్తం దాదాపు 24 నిమిషాలు. నా క్యాసెట్ పక్కకి 23, కాబట్టి నా దగ్గర చివరి పాట చివర్లో ఎప్పుడూ తెగిపోయేది. అక్కడికి పాట అంతేననుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ మిగతా ముక్క విన్నాను. బాగుంది. పాట పాతచోటుకి రాగానే మాత్రం, క్యాసెట్ తిరగెయ్యడానికి నా చెయ్యి దానంతటది లేచింది.