పుట్టిలో ఖిబ్లా ఎటు?

మా మదరసాలో ఫిఖహ్ పాఠం నీటితో మొదలవుతుంది. ఏ నీటితో వుజూ చెల్లుతుంది, ఏ నీటితో చెల్లదు, నిలువ నీరు ఎంత విస్తీర్ణం ఉంటే పారే నీటితో సమానమవుతుంది అన్న చర్చలన్నీ ‘నూరుల్ ఈజాహ్’ తొలి పుటలలోనే వస్తాయి. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల కొలనులో కొంత మలినం పడినా, నీటి రంగు, రుచి, వాసన మారనంతవరకు అది పరిశుద్ధమేనని మేము ఏటేటా చెబుతూ ఉంటాము. పిల్లలు కంఠస్థం చేస్తారు, పరీక్షలో తడబడకుండా అప్పజెబుతారు. కాని ఆ పిల్లలలో చాలామంది అంత నీటిని ఒక్కచోట చూసినవారు కారు. పశ్చిమ ప్రకాశంలో నీరంటే వీధి చివర ఆగే ట్యాంకరు, దాని ముందు వరుస కట్టిన బిందెలు. మార్కాపురం పిల్లలు ఎరిగిన లోతు నీరు ఒక్కటే. అది పలక గనుల గుంతలలో వానకు నిలిచే నీరు. దానిని గురించి తరువాత చెబుతాము.

మా మేనల్లుడొకడు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ రాష్ట్రపు ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకుని, వెయ్యికి పైగా సరస్సులు గల మహారణ్యం ఉన్నది. 1978లో చేసిన చట్టం ప్రకారం అందులో అధిక భాగంలోకి మోటారు పడవలకు ప్రవేశం లేదు. తెడ్డుతో నడిపే సన్నని కెనూ పడవలే అక్కడ వాహనాలు. ఒక సరస్సు ముగిసిన చోట పడవను బోర్లించి భుజాల మీదికి ఎత్తుకుని, అడవి బాట వెంట నడిచి, తరువాతి సరస్సులో దింపుతారు. ఒక బృందంలో తొమ్మిదిమందికి మించరాదు. గాజు సీసాలు, రేకు డబ్బాలలోని తినుబండారాలు తీసుకుపోరాదు. రాత్రివేళ తిండి మూటను ఎలుగుబంట్లకు అందకుండా చెట్టుకొమ్మకు వేలాడదీస్తారు. అక్కడి ఆదివాసులైన అనిషినాబె ప్రజలు బిర్చ్ చెట్టు బెరడుతో ఈ పడవలు కట్టడంలో ఆరితేరినవారు. తమ మస్జిదు యువకులతో నాలుగు రోజులు అక్కడ గడిపి వచ్చిన మా మేనల్లుడు ఫోనులో ఇవన్నీ చెప్పి, “మామూ, ఏడాదిగా ఒకే సఫ్‌లో నిలబడి నమాజు చేస్తున్నా వీళ్ళెవరో నాకు తెలియలేదు. పడవ మోసిన నాలుగు రోజుల్లో తెలిసింది” అన్నాడు.

ఆ మాట మా మనసులో నిలిచిపోయింది. ఒక మనిషి మంచివాడని సాక్ష్యం చెప్పడానికి వచ్చినవానిని హజ్రత్ ఉమర్ (రజి) “నీవు అతనితో ప్రయాణం చేశావా?” అని విచారించిన సంగతి ప్రసిద్ధమైనదే. ‘సఫర్’ అన్న అరబీ మాట ధాతువులోనే మరుగున ఉన్నది బయటపడడం అన్న భావం ఉన్నది. మా పిల్లలకు మిన్నెసోటా ఎక్కడిది? మాకు కంభం చెరువు ఉన్నది.

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు, జంపలేరుకు అడ్డంగా, రెండు కొండల నడిమి సందులో కట్ట వేసి నిలిపిన చెరువు అది. పదహారవ శతాబ్దంలో, శ్రీకృష్ణదేవరాయల కాలంలో, వరదరాజమ్మ అనే రాణి కట్టించినదని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. నిండితే ఏడు కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాలలో చేర్చింది. పది మూరల లెక్క చెప్పుకునే పిల్లలకు ఇంతకు మించిన దృష్టాంతం ఏముంటుంది? వానలు వెనుకబట్టాక ఒక గురువారం జుహర్ అనంతరం బయలుదేరి, రాత్రి కంభంలోని మస్జిదులో బస చేసి, శుక్రవారం ఉదయం చెరువు దగ్గర గడిపి, జుమా వేళకు మార్కాపురం చేరాలని నిశ్చయించాము.

కమిటీ పెద్దలలో ఒకరు, “చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు చెరువులెందుకు మౌలానా?” అన్నారు. ఆయనకు సమాధానం చెప్పడం కష్టం కాలేదు. కష్టమైనది ఒక తల్లికి చెప్పడం.

ఆమె పెద్ద కుమారుడు నాలుగేళ్ళ క్రితం గని గుంతలో పడి మరణించాడు. చిన్నవాడు, పదమూడేళ్ళవాడు, మా దగ్గర హిఫ్జ్ చేస్తున్నాడు. చక్కని కంఠం. ఆమె మదరసా వాకిట్లో నిలబడి, “మీ మాట ఎప్పుడూ కాదనలేదు హజ్రత్. నీళ్ళ దగ్గరికి మాత్రం పంపలేను. నాకు వీడొక్కడే మిగిలాడు” అన్నది. పిల్లవాడు ఆమె వెనుక తల వంచుకుని ఉన్నాడు. వాడు వుజూ చేసేటప్పుడు కూడా తొట్టి అంచుకు జరగడని, దూరంగా కూర్చుని చెంబుతో పోసుకుంటాడని మాకు తెలుసు. ఆమెను ఒప్పించడానికి మేము వాక్యాలేవీ వల్లించలేదు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ముందు పండిత వాదన శోభించదు. “అమ్మా, గుంతలు వాడి దారిలోనే ఉన్నాయి. రేపు మీరు చూడనప్పుడు ఏ స్నేహితుడో పిలుస్తాడు. భయపడేవాడు మునుగుతాడు, నేర్చినవాడు ఒడ్డుకు వస్తాడు. మీరూ మాతో రండి. మీరు వద్దన్న క్షణాన వాణ్ణి వెనక్కు పిలుస్తాము” అన్నాము. రెండు రోజుల తరువాత తన ఆడపడుచును వెంటబెట్టుకుని ఆమె బయలుదేరింది.

ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా ఎంచుకోవాలన్న ప్రవక్త (సల్లం) బోధను అనుసరించి పిల్లలే తమ అమీరును ఎన్నుకున్నారు. తరగతిలో మొదటివాణ్ణి ఎన్నుకుంటారనుకున్నాము. వంట మూటలు ఎక్కించేటప్పుడు అందరి బరువూ చూసి పంచినవాణ్ణి ఎన్నుకున్నారు. బస్సు కదిలిందో లేదో, మనం ఇప్పుడు ముసాఫిర్లమా కాదా అన్న వాదం మొదలైంది. కాదు. హనఫీ పండితుల లెక్కన ప్రయాణం సుమారు 77 కిలోమీటర్లు ఉంటే గాని నమాజు కుదించడానికి వీలు లేదు. కంభం అంత దూరం కాదు. కొంతమంది ముఖాలు చిన్నబోయాయి!

ఫజ్ర్ తరువాత కట్ట ఎక్కాము. పొగమంచు ఇంకా విడలేదు. నీరు ఎక్కడ ముగిసి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. మాకు ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. సరిగ్గా అటువైపే నల్లమల కొండలు వరుస తీరి ఉన్నాయి. పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒకడు మెల్లగా, “హజ్రత్, ఇది ఎన్ని పది మూరలు?” అన్నాడు.

చేపలవారిలో అరవై దాటిన ఒక పెద్దాయనను ముందే మాట్లాడి ఉంచాము. ఆయన పుట్టిని బోర్లించి వీపు మీద వేసుకుని వస్తుంటే నడిచే తాబేలు మాదిరి కనబడ్డాడు. మేనల్లుడు చెప్పిన పడవ మోత గుర్తుకు వచ్చింది. ఎనిమిది వేల మైళ్ళ అవతల వారు చేసేదీ ఇదే కదా. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పూర్వం తోలు, ఇప్పుడు పట్టా కప్పి తారు పూస్తారు. కెనూకు ముందూ వెనుకా ఉన్నాయి, పుట్టికి లేవు. ఒకే పక్క తెడ్డు వేస్తే గిరగిర తిరుగుతుంది. ముందు వైపు నీటిని తనవైపు లాక్కుంటూ, తెడ్డును ఇటూ అటూ మెలితిప్పుతూ పోవాలి. మా అమీరు తెడ్డు పట్టాడు. పుట్టి అయిదు చుట్లు తిరిగి బయలుదేరిన చోటే నిలిచింది. కట్ట మీదివారంతా నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. “బలం కాదు బాబూ, నీళ్ళను బతిమాలుకోవాలి” అన్నాడు.

ఇక్కడే ఆ ప్రశ్న వచ్చింది. పడవలో నమాజు చేసేవాడు ఖిబ్లా వైపు తిరిగి మొదలుపెట్టాలి, పడవ తిరిగినకొద్దీ తానూ ఖిబ్లా వైపుకు తిరుగుతూ ఉండాలి అని గ్రంథాలలో ఉన్నది. మరి పుట్టిలో? గిరగిర తిరిగే పుట్టిలో నమాజీ కూడా గిరగిర తిరగాలా? పిల్లలు పరిహాసానికి అడగలేదు. తడిసిన బట్టలతో ఒడ్డున కూర్చుని నిజంగానే చర్చించారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) నడిచే పడవలో కూర్చుని చేయడానికి అనుమతించారని ఒకడు, ఆయన శిష్యులిద్దరూ సాకు లేనిదే కూర్చోరాదన్నారని మరొకడు. చివరకు అమీరు, “ఒడ్డుకు చేర్చి కట్టేయగలిగినప్పుడు ఒడ్డుననే చేయాలి, అంతే” అన్నాడు. అదే సరైన ఫత్వా. ఆ పుటను మేము ఇరవైసార్లకు పైగా బోధించి ఉంటాము. ఆనాటివలె అది ఎన్నడూ సజీవంగా కనబడలేదు. (తిరుగు ప్రయాణంలో వాళ్ళు తయమ్ముమ్ మీద పడ్డారు. మార్కాపురం పలక మీద తయమ్ముమ్ చెల్లుతుందా అని. రాయి భూజాతి వస్తువే, దాని మీద దుమ్ము లేకపోయినా హనఫీ మతం ప్రకారం చెల్లుతుంది.)

తేనె అమ్మడానికి కంభం వచ్చిన ఒక చెంచు మధ్యవయస్కుడు చెరువు కట్ట మీద ఆగి మా సందడి చూస్తున్నాడు. అతణ్ణి కూర్చోబెట్టి టీ ఇచ్చాము. ఖురాన్‌లో తేనెటీగ పేరిట ఒక సూరా ఉన్నదని మేము చెబితే అతడు ఆశ్చర్యపోలేదు, ఉండవలసిందే అన్నట్లు తల ఊపాడు. కొండ అంచున పట్టు ఉంటే తీగతో పేనిన తాడు కట్టుకుని కిందికి దిగుతామని, పట్టు మొత్తం కోయమని, ఈగలకు కొంత విడుస్తామని చెప్పాడు. “పైన తాడు ఎవరు పట్టుకుంటారు?” అని పిల్లలు అడిగారు. “బావమరిది. అక్కచెల్లెలు ముండమోయకూడదని వాడు తాడు వదలడు” అన్నాడు. ఆ మాట విన్నవారిలో బురఖాలో కొంచెం దూరంగా కూర్చున్న ఆ తల్లి కూడా ఉన్నది.

ఈత నేర్పవలసిన వేళ వచ్చింది. కట్టకు ఓరగా మొలలోతు నీరున్న చోట, మూతి బిగించిన ఖాళీ నూనె డబ్బాలు రెండు వీపుకు కట్టి, నడుముకు తాడు బిగించి, ఒక్కొక్కరినే దింపాడు పెద్దాయన. తొమ్మిదిమంది అయ్యారు. పదోవాడు ముందుకు రాలేదు. మేమూ పిలవలేదు, పెద్దాయనా పిలవలేదు. కొంతసేపటికి వాడే లేచి, చొక్కా విప్పి, నీటి అంచున నిలబడ్డాడు. కాళ్ళు వణుకుతున్నాయి. పెద్దాయన నడుముకు తాడు కట్టి, రెండో కొసను మాకు అందించబోయాడు.

“ఇలా ఇవ్వండి అన్నా” అన్నది ఆ తల్లి.

ఆమె కొసను చేతికి రెండు చుట్లు చుట్టుకుని, చెప్పులు విడిచి, మడమల దాకా నీటిలోకి వచ్చి నిలబడింది. వాడు దిగాడు. మొదటిసారి నీరు నోట్లోకి పోయి ఉక్కిరిబిక్కిరయ్యాడు. తాడు బిగిసింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏదో దుఆ చదువుతున్నది. లాగేస్తుందనుకున్నాము. లాగలేదు. “కాళ్ళు కొట్టరా” అన్నది. వాడు కొట్టాడు. ఆరు బారలు పోయాడేమో, అంతే. బయటకు వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆమె మాత్రం ఏడవలేదు, చున్నీతో వాడి తల తుడుస్తూ కూర్చున్నది. ఆమె అరచేతి మీద తాడు ఒరిసిన ఎర్రని గీత ఉన్నది.

ఆ తరువాత నాలుగు గురువారాలు వెళ్ళాము. వాడిప్పుడు డబ్బాలు లేకుండా ఈదుతాడు. కమిటీ వారు బస్సు ఖర్చుకు ఒప్పుకున్నారు. ప్రశ్న అడిగిన పెద్దమనిషి తన మనుమణ్ణి కూడా పంపాడు.

క్రితం నెల ఆ తల్లి మళ్ళీ మదరసాకు వచ్చి, “మగపిల్లలకు సరే హజ్రత్, గుంతల దగ్గర బట్టలు ఉతకడానికి పోయేది మా ఆడపిల్లలే కదా. వాళ్ళ సంగతేమిటి?” అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. దానికి చెరువు పనికిరాదు. చుట్టూ గోడ, మెట్లు ఉన్న దిగుడు బావి కావాలి, నేర్పడానికి స్త్రీలు కావాలి. గిద్దలూరు దారిలో ఒక రైతు తన తోటలోని బావి ఇస్తానన్నాడు. నీరు మోకాలి లోతే ఉన్నది, వానలు పడాలి. చేపలవారి పెద్దాయన కోడలికి ఈత వచ్చునట. ఆమెను అడగడానికి వచ్చే గురువారం కంభం వెళుతున్నాము.