చిన్నవేట వంటలు – తొలగించిన ఒక పుట

వ్యాకరణశాస్త్రమునకు కూర్చున్న విద్యార్థికి తొలి దినములలోనే కుందేలు ఎదురగును. పతంజలి మహాభాష్యమున పస్పశాహ్నికములో, సాధుశబ్దముల నుపదేశింపవలెనా, అపశబ్దముల నుపదేశింపవలెనా యను చర్చ కలదు. అచ్చట భాష్యకారుడు చూపిన దృష్టాంతము భోజనమునకు సంబంధించినది. పంచనఖములలో ఐదు మాత్రమే భక్ష్యములని చెప్పినంతనే తక్కినవి అభక్ష్యములని తెలియుచున్నది. అట్లే ఒక జాబితాను చెప్పినచో రెండవది చెప్పకయే సిద్ధించును. శల్యకము, శ్వావిత్తు, గోధ, శశము, కూర్మము అని ఆ ఐదింటిని రామాయణమున వాలి లెక్కించును. మీమాంసకులు దీనిని పరిసంఖ్యావిధికి ఉదాహరణముగా గైకొనిరి. ఈ విధముగా కుందేలు శాస్త్రమున ప్రవేశించినది. దానిని వండు విధము ప్రవేశింపలేదు. వండినవారి మాటలు అసలే ప్రవేశింపలేదు.

ఈ లోపమున నాకును కొంత భాగము కలదు. దానిని చెప్పుటకే ఈ వ్యాసము.

1962లో వ్యవసాయ పదములతోను, 1971లో చేనేత పదములతోను మాండలిక వృత్తి పదకోశములు వెలువడిన పిమ్మట, మావంటి విద్యార్థులకు పల్లెపట్టుల మాటలను ఏరుట గొప్ప ఉత్సాహమును కలిగించెను. 1978లో నేను వంటయింటి పదములను సేకరించుటకు పూనుకొంటిని. పల్నాటి అంచున మెట్టగ్రామమున నున్న మా మేనత్త నాకు ముఖ్యమైన ఆధారము. ఆమె చదువుకొనలేదు. కాని వంటకు సంబంధించిన ఒక క్రియకును మరియొక క్రియకును గల భేదమును ఆమె వలె చెప్పగలవారిని నేను తరువాత విద్వత్సభలలోను అరుదుగా చూచితిని.

నా బాల్యమున, అనగా వేటను నిషేధించిన చట్టములు రాకమునుపు, కంది కోసిన దినములలో ఆ యింటికి కుందేళ్లు వచ్చుచుండెడివి. పొలము కాచు యానాది వృద్ధుడు తెచ్చెడివాడు. అతడు దానిని కుందేలనియే యనెను. తెలంగాణమునుండి వచ్చిన కూలీలు చెవులపిల్లి యనిరి. తమిళ మలయాళములలో ముయల్, కన్నడమున మొల, గోండీలో మలోల్ అని ఒకే మూలమునుండి వచ్చిన మాటలు కనబడుచుండగా తెలుగు మాత్రము వేరు త్రోవ త్రొక్కినది. సామెతలలో కూడ ఈ జంతువునకు మంచి స్థానమే కలదు. పట్టుదల గలవాని కుందేటికి మూడే కాళ్లు. లేని వస్తువునకు కుందేటికొమ్ము పోలిక.

మేనత్త పద్ధతి యిది. మొదట చర్మమును కాలి మడమలయొద్ద గాటుపెట్టి, తొడుగు ఊడ్చినట్లు తలవైపునకు ఒలుచుట. కడుపు కోయునపుడు చేదుకట్టు పగులకూడదు. పగిలినచో ఎంత కడిగినను చేదు వదలదు. కార్జమును వేరుగా తీసి పిల్లలకు నిప్పులపై కాల్చి యిచ్చెడిది. ముక్కలకు పసుపును ఉప్పును పట్టించి, దాకలో నీరు పోయక, సన్నని సెగపై మూకుడు మూసియుంచవలెను. మాంసము తన నీరు తానే విడుచును; ఆ నీరు తిరిగి ఇగిరిపోవువరకు కదల్పరాదు. అప్పుడు మంచినూనె ధారాళముగా పోసి, ఉల్లి, అల్లము, వెల్లుల్లి, కారము చేర్చి వేచుట. ఆపైని వేడినీళ్లు పోసి, కోడికి పట్టు కాలమునకు రెండింతలు ఉడికించుట. చివర సన్నికంటిపై నూరిన ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి ముద్ద. చింతచిగురు దొరకు కాలమైనచో అదియు.

ఇంత నూనె యెందులకని నేనడిగితిని. “దాని ఒంట్లో కొవ్వేముందిరా అబ్బాయ్? పరుగెత్తే బతుకు. మనం పొయ్యకపోతే పీచయిపోద్ది” అని ఆమె ప్రత్యుత్తరము. ఈ ఒక్క వాక్యమున చిన్నవేట వంట యొక్క శాస్త్రమంతయు కలదు. అడవి కుందేటి మాంసము ముదురురంగు గలది, కొవ్వు మిక్కిలి తక్కువ. పెంపుడు కుందేటిది తెల్లనిది, మెత్తనిది, త్వరగా ఉడుకును. నిజమునకు ఈ రెండును ఒక జాతివి కావు. మన చేలలోనిది బొరియ త్రవ్వక నేలమీదనే పిల్లలను పెట్టును. దొడ్లలో పెంచునది ఐరోపానుండి వచ్చినది, బొరియలలో నివసించు జాతి. తెలుగు రెంటికిని ఒకే పేరు పెట్టుటచే, ఒకదాని వంటను మరియొకదానికి ప్రయోగించి చెడగొట్టుకొనుట సులభము.

ఇగురు అను మాటను ఆమె వాడుకలో పరిశీలింపుడు. నీరు ఇగురుట క్రియ. ఇగిరిన వంటకము ఇగురు. వంటకమునకు పేరు దినుసును బట్టి గాక, జరిగిన పనిని బట్టి వచ్చినది. అట్లే కమురు. కౌజునుగాని పూరేటినిగాని ఈకలు పెరికిన తరువాత మంటపై త్రిప్పునపుడు నూగు మాడి వచ్చు వాసన అది. ఆ వాసన రానిచో పక్షి సరిగా శుభ్రపడలేదని అర్థము. నేడు అంగడిలో కౌజుపిట్ట యనగా పెంపకపు జపాను జాతి పూరేడు. పాతవారి కౌజు సంస్కృతపు తిత్తిరి. పేరు నిలిచినది, పక్షి మారినది.

పొలపు ఎలుకల సంగతియు నిట్టిదే. కుండలో గడ్డి నుంచి నిప్పంటించి, పొగను కన్నములోనికి ఊది ఎలుకలను పట్టుట యానాదుల నేర్పు. ఆ కన్నములలో దాగిన ధాన్యమును వారికే దక్కుట పెక్కు గ్రామముల మర్యాద. పందికొక్కు అను మన మాట ఆంగ్లమున బాండికూటై, ఆస్ట్రేలియాలో కడుపుసంచి గల వేరొక జంతువునకు పేరైనది. ప్రపంచమంతయు తిరిగిన ఈ మాటను పండితులు వాడుదురు. దానిని వండుకొని తిన్నవారిని గూర్చి చెప్పుటకు సంకోచింతురు.

పూర్వులకు ఈ సంకోచము లేదు. అమరకోశము కమ్మికి గ్రుచ్చి కాల్చిన మాంసమునకు శూలాకృతము, భటిత్రము, శూల్యము అని మూడు పర్యాయపదములను చెప్పినది. పండ్రెండవ శతాబ్దమున చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమున భడిత్రమును వర్ణించెను. ఏటిగట్టుల ఎలుకలను వేడినూనెతో వెంట్రుక లూడునట్లు చేసి, కడిగి, ఇనుపచువ్వపై నిప్పులలో కాల్చు విధమును రాజభోగముల నడుమ నిలిపెను. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యమున తిన్నడు శివునకు నివేదించినదియు కాల్చిన వేటమాంసమే. రాజు తిన్నపుడు భోగమును, భక్తుడు పెట్టినపుడు నైవేద్యమును ఐన వంట, కూలివాని పొయ్యిమీద నీచమగుటకు హేతువు వంటలో లేదు.

ఇవి నేటి ఆలోచనలు. 1978లో నాకింత ధైర్యము లేదు. వ్రాతప్రతిని చూచిన పెద్ద యొకరు, ఈ కుందేళ్లును ఎలుకలును పదకోశమునకు శోభ కావు, తీసివేయుము అనిరి. ఆయనపై నాకు ఫిర్యాదు లేదు. తీసివేసిన చేయి నాది. ముప్పదికి పైబడిన చీట్లు సంచిలోనికి పోయినవి. అచ్చయిన ప్రతిని తీసికొని ఊరికి పోయితిని. మేనత్త చేత్తో పుటలను తడిమి, “మా మాటలన్నీ ఎక్కినయ్యా?” అని యడిగెను. ఎక్కినవంటిని. ఆమె చదువలేదు గనుక ఆ అబద్ధము చెల్లినది. 1986లో ఆమె గతించెను.

ఇంతలో ఆ మాటల ఆధారమే మారినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమున నాలుగవ అనుబంధమునకు చిన్నవేట యనియే శీర్షిక యుండెను. అనుమతిపత్రముతో వేటకు అప్పుడు వీలుండెను. 1991 సవరణతో ఆ వీలును పోయినది. నేడు అడవి కుందేటిని చంపుట నేరము. ఉడుము మరింత కఠినమైన రక్షణలో నున్నది. ఇది న్యాయమే యని నా నమ్మకము. మెట్టచేలలో రాత్రివేళ బండి దీపము వెలుగునకు లేచి నిలుచు చెవులు నా కంటికి ఏండ్ల తరబడి కానరాలేదు. వంట పోవుటకు నేను వగచుట లేదు. పని ఆగినపుడు దాని మాటలనైన వ్రాసియుంచుట మా వృత్తి; ఆ వృత్తిధర్మమును తప్పితినని వగచుచున్నాను.

ఇటీవల సంచి తెరచితిని. చీట్లలో కొన్నింటిని చెదలు తినినవి. మిగిలినవానిని సరిచూచుటకు పెంపకపు కుందేటిని తెచ్చి ఆమె చెప్పినట్లు వండి చూచితిని. కాలమును సగమునకు తగ్గింపవలసి వచ్చెను. నూనెయు అంత పట్టలేదు. కాని నీరు విడిచి ఇగురుట, ముక్క దాక అడుగును వదలునప్పటి చిటపట, అన్నియు ఆమె చెప్పిన క్రమముననే జరిగినవి. ఆ చిటపటకు ఆమె వాడిన మాట చెదలు తిన్న చీటిలో నుండెను. అది నాకు జ్ఞప్తికి రాలేదు.

కోస్తా జిల్లాలలో మేకమాంసమును నేటికిని వేటమాంస మనుచున్నారు. దుకాణమున తూచి కొన్న మాంసమునకు ఆ పేరేల వచ్చెనని కొనువారెవ్వరును అడుగరు. వారు అడుగకున్నను మాట తన పాత కథను మోసికొనియే పోవుచున్నది. మహాభాష్యకారుని దృష్టాంతమును ఇప్పుడు నేను వేరుగా చదువుచున్నాను. కొన్నింటిని చెప్పుటచేతనే తక్కినవి వెలివేయబడును. జాబితా వ్రాయువాడు ఆ సంగతి నెరిగి వ్రాయవలెను. పదకోశమునకు మరల ముద్రణ కలిగినచో మిగిలిన చీట్లను చేర్పగోరి సంపాదకులకు పంపుచున్నాను. ప్రతి పదము క్రిందను ఆధారమని వ్రాయవలసిన చోట మేనత్త అనియే వ్రాసితిని.