పట్టుచిలుకను వెతుక్కుంటూ

మేనకోడలి పెళ్లికి చీర కొందామని ధర్మవరం వెళ్లాను. మగ్గం మీద జరీ అంచు చూసి నేను మురిసిపోతూంటే, వెంట వచ్చిన మేనల్లుడు, "మామయ్యా, ఈ పట్టు చేసిన పురుగు పెద్దయ్యాక ఎగురుతుందా?" అన్నాడు. నేత ఆయన నవ్వి, "మాకొచ్చేది దారమే బాబూ! పురుగు కావాలంటే పెనుకొండ వైపు పొండి," అన్నాడు. ఎలాగూ బెంగుళూరు రైలుదారే గదా అని పెనుకొండలో దిగాం.

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరిది. కోట సంగతి మరోసారి. దగ్గరి పల్లెలో వేరుశెనగ చేల మధ్య, బోరు నీళ్లున్నచోట, పచ్చగా మల్బరీ తోట కనిపించింది. పక్కనే పురుగుల షెడ్డు. లోపల సన్నగా వాన పడుతున్న చప్పుడు! వాన కాదు, పురుగులు ఆకు తింటున్నాయి. ఇంచుమించు 25 రోజుల్లో నాలుగు 'జ్వరాలు' దాటి, పుట్టినప్పటికి 10,000 రెట్లు బరువెక్కుతాయట. ఆపైన చంద్రికలలో గూడు కట్టుకుంటాయి.

"చిలుకను చూపిస్తావా అమ్మా?" అన్నాను ఆ ఇంటి ఇల్లాలితో.

"అది బయటికొస్తే మా కొంప మునిగినట్లే గదన్నా! పోయిన పంట రోగమొచ్చి పోయింది. ఈ పంటతోనే అప్పు తీరాల."

నిజమే. గూడు కట్టిన పది పన్నెండు రోజులకు చిలుక గూటిని తొలుచుకుని వస్తుంది. కిలోమీటరుకు దగ్గరగా సాగే ఒకే పోగు తెగిపోతుంది. అందుకే ముందుగానే లోపలిదాన్ని వేడితో చంపుతారు. విత్తనానికి ఉంచిన చిలుకలే రెక్కలు చూసుకుంటాయి. వాటిలో తల్లికి 400కు పైగా గుడ్లు పెట్టాక సూక్ష్మదర్శిని పరీక్ష. రోగముంటే గుడ్లన్నీ పారేయడమే. ఈ పద్ధతి 1860లలో ఫ్రాన్సులో పాశ్చర్ మహాశయుడు చూపిందే.

ఈ చిలుకకు ఏ దేశంలోనూ అడవి లేదు. దీని పూర్వీకుల జాతి చైనా, కొరియా, జపానుల్లో నేటికీ ఎగురుతుంది. ఇది మాత్రం వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగి ఎగరడమే మరచింది. చలిదేశపు రకాలు ఏడాదికి ఒకటి రెండు తరాలతో సరిపెట్టుకుంటే, మన వేడిదేశపు రకాలు ఏడాది పొడుగునా కంటూనే ఉంటాయి. మల్బరీ ఆకూ, మేలుకునే ఇల్లాలూ ఉన్నచోటే దీని ఊరు.

మర్నాడు ఆమె వెంటే హిందూపురం గూళ్ల మార్కెట్టుకు వెళ్లాం. ముసురు పట్టి గూళ్లు విప్పడం ఆలస్యమైందని దారి పొడుగునా ఆమెకు బెంగే. గూళ్లు కుప్ప పోయగానే మేనల్లుడు నా చెయ్యి గిల్లాడు. ఒక గూటికి చిల్లు. దాని అంచున తెల్లని చిలుక, రెక్కలు టపటపలాడిస్తూ, అంగుళమైనా లేవలేక!

రీలర్లు అటే వస్తున్నారు. ఆమె గూటిని చప్పున కొంగులో దాచుకుంది.