ఒకే కోటు, నూట అరవై ఏళ్లు

న్యూయార్క్, నవంబరు 2021

మావయ్యా, బ్రాడ్వే మళ్లీ తెరుచుకుంది. నెడర్లాండర్ థియేటర్ గుమ్మంలో టీకా వేయించుకున్న కాగితం చూపిస్తేనే లోపలికి పంపిస్తున్నారు. మాస్కు తియ్యడానికి వీల్లేదు. ఆడుతున్నది ‘ద లేమన్ ట్రిలజీ’. కిందటేడాది మార్చిలో ప్రివ్యూలు మొదలై వారమైనా తిరక్కుండానే కరోనా దీని తెర దించేసింది.

2008 సెప్టెంబరు 15న దివాలా తీసిన లేమన్ బ్రదర్స్ బ్యాంకు గురించి అప్పట్లో మీరు పేపర్లో చదివే ఉంటారు. ఆ కంపెనీ పుట్టుక దగ్గర్నుంచి పతనం దాకా ఉన్న కథని ఇటలీ రచయిత స్టెఫానో మస్సీని రాస్తే, బెన్ పవర్ ఇంగ్లీషులోకి తెచ్చాడు, శామ్ మెండెస్ ఆడించాడు. మూడు తరాల మనుషులు, పెళ్లాలు, పిల్లలు, బేరగాళ్లు, రబ్బీలు, అందరూ కలిపి నటులు ముగ్గురే! రెండు ఇంటర్వెల్స్‌తో మూడున్నర గంటలు.

బుర్రకథలో కథకుడూ ఇద్దరు వంతలూ రాజు, మంత్రి, రాణి అన్నీ తామే అయిపోరూ, సరిగ్గా ఆ పద్ధతే. ఒక నటుడు ‘హెన్రీ ఇలా అనుకున్నాడు’ అని కథ చెబుతూ చెబుతూ, మాట పూర్తయ్యేలోపు అతనే హెన్రీ అయిపోతాడు. తంబురా బదులు రంగస్థలం కింద ఒక పియానో.

ముగ్గురిలో సైమన్ రసెల్ బీల్‌ని చూడాలి. పెనాంగ్‌లో పుట్టిన ఇంగ్లీషు నటుడు, షేక్‌స్పియర్ పాత్రల్లో పండిపోయినవాడు. పొట్టి మనిషి, బొద్దుగా ఉంటాడు, నెరిసిన గడ్డం. మొదట అతను 1844లో బవేరియా పల్లె రింపార్ నుంచి వచ్చి ఓడ దిగిన హెన్రీ, ముగ్గురు లేమన్ సోదరుల్లో పెద్దన్న. ఒంటిమీద పొడుగాటి నల్లకోటు. ఆ కోటు చివరిదాకా విప్పడు, గడ్డమూ పోదు. కాస్త మెడ వంచి చూపు దించితే సిగ్గుపడే పడుచు. భుజాలు జారవేస్తే కాటికి కాళ్లు చాపిన ముసలాయన. ఆడవేషానికి గొంతు సన్నం చెయ్యడు, చీర కొంగు లాంటిదేదీ వెతుక్కోడు. జనం నవ్వుతారు, మరుక్షణం నమ్మేస్తారు. అసలు తమాషా హెన్రీ చనిపోయాక ఉంది. 1855లో పచ్చజ్వరం అతన్ని తీసుకుపోతుంది. కాసేపటికి అదే మనిషి, అదే కోటుతో, తమ్ముడు ఇమాన్యుయెల్ కొడుకు ఫిలిప్‌గా తిరిగొస్తాడు. పెద్దన్న పోయాడు గానీ వ్యాపారం మాత్రం ఒంట్లోంచి ఒంట్లోకి మారిందన్నమాట. ఆ సంగతి ఎవరూ నోటితో చెప్పరు.

ఎస్ డెవ్లిన్ కట్టిన రంగస్థలం గిర్రున తిరిగే గాజు గది, 2008 నాటి ఆఫీసు. సామాన్లంటే ఉద్యోగం పోయినవాళ్లు మోసుకెళ్లే అట్టపెట్టెలే. వాటినే పేర్చి కొట్టు బల్ల చేస్తారు, మెట్లు చేస్తారు. దుకాణం బోర్డు మారినప్పుడల్లా గాజుమీద మార్కరుతో కొత్త పేరు రాస్తారు. బట్టలు పోయి పత్తి, పత్తి పోయి బ్యాంకు. సంతాపం లెక్క కూడా మారుతుంది. హెన్రీకి వారమంతా కొట్టు కట్టేసి నేలమీద కూర్చుంటారు. తరం మారేకొద్దీ ఆ రోజులు తరిగి, చివరికి మూడు నిమిషాలకి దిగుతాయి.

మాంట్‌గోమరీ, అలబామా

మావయ్యా, లేమన్ల కొట్టు ఈ ఊళ్లోనే, కోర్టు స్క్వేర్ దగ్గర ఉండేది. మధ్యలో ఫౌంటెన్, చుట్టూ పాత ఇటుక మేడలు. రైతుల దగ్గర డబ్బు ఆడక పత్తినే జమ కింద తీసుకుని, ఆ పత్తిని అమ్ముకుంటూ ముగ్గురన్నదమ్ములు దళారులయ్యారు. 1861లో అంతర్యుద్ధం వచ్చి దక్షిణాది రేవులు మూసుకుపోతే లాంకషైర్ మిల్లులు పత్తి కోసం మన వైపు చూశాయి, కాకినాడ రేవుకి గిరాకీ వచ్చింది. నాటకంలో కాకినాడ ఎందుకుంటుంది గానీ, మీకు చెప్పకుండా ఉండలేని సంగతి.

ఇదే కోర్టు స్క్వేర్‌లో బానిసల్ని వేలం వేసేవారు. అక్కడో ఫలకం ఆ మాట చెబుతోంది. 1860 జనాభా లెక్కల్లో చిన్న తమ్ముడు మేయర్ లేమన్ పేరు కింద ఏడుగురు బానిసలున్నారు. లండన్‌లో ఆడినప్పుడు ఈ విషయాన్ని నాటకం దాటేసిందని విమర్శలొచ్చాయి. న్యూయార్క్ ప్రదర్శనకి కొన్ని మాటలు చేర్చారు. మాటలే చేర్చారు. పసిపిల్లాడి దగ్గర్నుంచి పెళ్లికూతురి దాకా ఎవరి ఒంట్లోకైనా దూరగల ఆ ముగ్గురూ, పత్తి ఏరిన మనిషి ఒక్కరి ఒంట్లోకీ దూరరు. వేషం మార్చకుండా మనిషి మారిపోయే విద్య వాళ్ల చేతిలో ఉంది కదా, అందుకే ఆ లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈసారి ఇద్దరు తెల్ల నటుల పక్కన ఏడ్రియన్ లెస్టర్ అనే నల్లజాతి నటుడు ఇమాన్యుయెల్‌గా నిలబడ్డాడు. అతను ‘పత్తి’ అన్న ప్రతిసారీ మాట బరువు వేరు.

తెల్లవాళ్ల కోసం సీటు వదలనని అరెస్టైన నల్లజాతి మహిళ రోజా పార్క్స్ 1955లో ఆ బస్సెక్కింది కూడా ఈ కూడలిలోనే. ఇక్కణ్నుంచి తర్వాతి మజిలీ హెన్రీ కన్నుమూసిన న్యూ ఆర్లీన్స్. అత్తయ్యకి నమస్కారాలు చెప్పండి. జవాబు అక్కడి చిరునామాకే రాయండి.

మీ మేనల్లుడు