వేణ్నీళ్ల లెక్క

షామీర్‌పేట చెరువు దాటి రాజీవ్ రహదారి వెంట ముందుకెళ్తే ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లు కనిపించేవి. అటు మేడ్చల్ దాకా అదే వరస. ఇప్పుడా పందిళ్ల చోట కాంపౌండు గోడలు, గోడల వెనక ఫామ్‌హౌస్‌లు, చాలావాటిలో ఓ చిన్న ఈతకొలను. వేసవిలో మనవళ్లు వచ్చినప్పుడు ఆ కొలను మోతెక్కిపోతుంది. దసరా దాటాక అందులో ఆకులు తేలుతుంటాయి. డిసెంబరు వచ్చిందంటే దానివైపు చూసేవాళ్లుండరు. నగరం మధ్యలో కంటే ఇక్కడ చలి రెండు మూడు డిగ్రీలు ఎక్కువే. తెల్లవారుజామున పదీ పన్నెండు డిగ్రీలకు దిగిపోవడం మామూలు.

అలాంటి ఓ ఇంట్లో మొన్నటి చలికాలం అందరి చూపూ ఆ కొలను మీదే పడింది. ఆ ఇంటి పెద్దాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆవిడకి అక్టోబరులో రెండు మోకాళ్లూ మార్చారు. ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు మానాయి. కానీ కాలు వంగనంటోంది. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి వంచబోతే ఆవిడ మంచం పట్టె పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకునేవారు. ఆయన ఆ గదిలో ఉండలేక వరండాలోకి వచ్చేసేవారు.

డాక్టరుగారే అన్నారట, ‘గాయం పూర్తిగా మానింది కాబట్టి నీళ్లలో నడిపించండి. నీళ్లు సగం బరువు మోస్తాయి, నొప్పి తెలీదు’ అని. అయితే ఓ షరతు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. ఫిజియోథెరపీ కొలనుల్లో 33, 34 డిగ్రీలు ఉంచుతారు. చన్నీళ్లలో దిగితే కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. ఆయన థర్మామీటరుకి తాడు కట్టి కొలనులో వేసి చూశారు. 20 డిగ్రీలు!

ఆ రాత్రే డాలస్ నుంచి కొడుకు ఫోన్. ‘ఇంత ఆలోచనెందుకు నాన్నా, గ్యాస్ హీటర్ పెట్టించేయ్. ఇక్కడ మా వీధిలో అందరికీ అదే. మీటరు దగ్గర్నుంచి నూరడుగులు లైను లాగినందుకు మాకు రెండున్నర వేల డాలర్లయింది. ఒక్కరోజు పని’ అన్నాడు. డబ్బు తాను పంపుతానన్నాడు కూడా.

ఆయన బ్యాంకు మనిషి. ఎవరి డబ్బయినా లెక్క చూడకుండా ఖర్చు పెట్టలేరు. మర్నాడే ఓ నోటుపుస్తకం తీశారు.

షామీర్‌పేటకి గ్యాస్ గొట్టం కొత్తేమీ కాదు. గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో పెట్టిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థకి మదర్ స్టేషన్ ఉన్నది ఇక్కడే. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసుని కాకినాడ తీరం నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా మోసుకెళ్లే పెద్ద పైపులైను 2009లో మొదలైంది. తెలంగాణ నేల కిందుగానే పోతుందది. అంటే ఊరికి గ్యాసు వచ్చింది సరే, వీధికి వచ్చిందా అన్నది వేరే ప్రశ్న. విచారిస్తే తేలిందేమిటంటే, దగ్గర్లో ఉన్న లైను వీళ్ల గేటుకి దాదాపు 400 మీటర్ల దూరంలో ఆగిపోయింది. వీధిలో పది ఇళ్లు కలిసి దరఖాస్తు పెడితే ఆలోచిస్తారు. ఆ పది ఇళ్లలో ఏడింటికి వాచ్‌మన్‌లే తప్ప కాపురాలు లేవు.

ఒకవేళ గేటు దాకా వచ్చిందే అనుకుందాం. ఇంటి కనెక్షన్‌కి పెద్ద ఖర్చు లేదు. నియంత్రణ మండలి 2008లో పెట్టిన నిబంధనల ప్రకారం తిరిగిచ్చే డిపాజిట్ 5,000 రూపాయలకు మించకూడదన్నారు. అయితే ఆ ఏర్పాటంతా వంటింటి స్టవ్‌ని దృష్టిలో పెట్టుకుని చేసింది. ఇంటికి బిగించే చిన్న మీటరు గంటకి రెండున్నర ఘనపు మీటర్ల గ్యాసుని మించి పంపలేదు. కొడుకు చెప్పిన రకం హీటర్లు అంతకంటే ఎక్కువే తాగుతాయి. కుండకి పెట్టిన గరిటెతో గంగాళం నింపినట్టే! కాబట్టి మీటరు వేరు, కనెక్షన్ తరగతి వేరు, ధర కూడా వేరు కావచ్చు.

గొట్టం సంగతి మరీ చిత్రం. వీధి లైనులో గ్యాసు 4 బార్ల దాకా ఒత్తిడితో పరుగెడుతుంది. రెగ్యులేటరు దాటి స్టవ్ దగ్గరకొచ్చేసరికి 21 మిల్లీబార్లకు తగ్గిస్తారు. అంత తక్కువ ఒత్తిడితో సన్నటి గొట్టంలో గ్యాసు ఎక్కువ దూరం పోలేదు. వీళ్ల గేటు నుంచి కొలను వెనకున్న పంపుగదికి 60 మీటర్లు. గొట్టం లావయినా పెంచాలి, లేదా ఒత్తిడి ఎక్కువగానే తీసుకెళ్లి హీటరు పక్కన ఇంకో రెగ్యులేటరు పెట్టాలి. గొట్టాన్ని మీటరు లోతున పాతిపెట్టాలి. కింద ఇసుక, పైన ఇసుక, ఆపైన ఎవరూ గునపం వేయకుండా హెచ్చరిక టేపు.

తవ్వకం అడుగుదామని మేస్త్రీని పిలిపించారు. ఆయన గడ్డపారతో నాలుగుచోట్ల పొడిచి చూసి నవ్వాడు. ‘గీడంత బండనే సార్. మీది రెండడుగులే మన్ను. బ్రేకర్ పెట్టాలె. మీటర్‌కి పన్నెండొందలు లేకుంటే నాతోని కాదు’ అన్నాడు. మేడ్చల్, షామీర్‌పేటల్లో బోరు వేయించుకున్న ఎవర్నడిగినా ఆ బండ గురించి చెబుతారు. ఆయన రాసుకున్నారు: 60 మీటర్లు, 72,000 రూపాయలు. ఇందులో గొట్టం ఖరీదు లేదు, హీటరు లేదు, బయటి 400 మీటర్లు అసలే లేవు. డాలస్‌లో నేల ఎంత మెత్తగా ఉంటుందో మరి!

‘లైను లేకపోతేనేం, సిలిండర్లు పెట్టుకో నాన్నా’ అన్నాడు కొడుకు. ఆ దారి మూసేసింది మాత్రం డబ్బు కాదు. ఎర్ర సిలిండరు వంటకే వాడాలి కాబట్టి నీలం రంగు 19 కిలోలది తేవాలి, అది పెద్ద చిక్కేం కాదు. అసలు చిక్కు పంపుగదిది. చాలా కొలనుల్లాగే ఇక్కడా అది నేలకి నాలుగడుగులు కిందికి, మెట్లు దిగి వెళ్లేలా ఉంది. గొట్టంలో వచ్చే సహజవాయువు గాలికంటే తేలిక, కారితే పైకి లేచి కిటికీలోంచి పోతుంది. సిలిండర్లోని ఎల్పీజీ గాలికంటే బరువు. కారిందంటే నీళ్లలాగే పల్లానికి జారి ఆ గుంతలో నిలబడిపోతుంది. మోటారు స్విచ్ వేస్తే వచ్చే నిప్పురవ్వ చాలు. పైగా మండే హీటర్‌కి గాలి ఆడని గదిలో కార్బన్ మోనాక్సైడ్ భయం ఒకటి. ఇదంతా చెప్పి పుణ్యం కట్టుకున్నది ఓ ప్లంబరు. వద్దన్నందుకు అతనికి రావలసిన పని పోయింది.

ఇక మిగిలింది ఇంధనం లెక్క. ఈ పేజీ మీద ఆయన రెండు రాత్రులు కూర్చున్నారు. ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, నాలుగడుగుల లోతు. సుమారు 21,600 లీటర్లు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి ఒక కిలోకెలోరీ. 20 నుంచి 33కి తేవాలంటే రెండు లక్షల ఎనభై వేల కిలోకెలోరీలు. హీటరు నూటికి ఎనభై పాళ్లు పనిచేస్తుందనుకుంటే గ్యాసు 39 ఘనపు మీటర్లు కావాలి. ఘనపు మీటరు 50 రూపాయలనుకుంటే దాదాపు 2,000. అది మొదటిరోజు ఖర్చే. మూత లేని కొలను ఒక్క రాత్రిలో నాలుగు డిగ్రీలు చల్లారితే రోజూ ఇంకో 600. నలభై అయిదు రోజులకి 27,000!

‘నా రెండు కాళ్ల కోసం ఇంత కాల్చాలా? వద్దండీ, మంచం మీదే చేసుకుంటాను’ అన్నారు ఆవిడ. నోటుపుస్తకం ఆవిడ చూసేశారన్నమాట. ఆయన ఏమీ అనలేదు. ఆ మాటకి మాత్రం చాలా నొచ్చుకున్నారని ఇంట్లో వాళ్లు చెబుతారు. లెక్క చూసింది మానేద్దామని కాదు, ఎలాగైనా చేద్దామని. అది ఆవిడకి ఎలా చెప్పాలో ఆయనకి తెలీలేదు.

దారి చూపించింది ఆ రాత్రి నాలుగు డిగ్రీల లెక్కే. కొలను వేడిలో పెద్దభాగం, అమెరికా ఇంధన శాఖ చెప్పేదాని ప్రకారం దాదాపు 70 శాతం, నీరు ఆవిరైపోవడంలోనే పోతుంది. మూత వేస్తే వేడి చేసే ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. పాలగిన్నె మీద మూత పెట్టమని ఏ ఇల్లాలికీ చెప్పక్కర్లేదు, కొలనుకి మాత్రం ఎవరికీ తోచదు. బుడగల ప్లాస్టిక్ మూత తెప్పించారు. గ్యాస్ హీటరు బదులు హీట్ పంప్ పెట్టించారు. ఏసీ యంత్రాన్ని తిరగేసినట్టుంటుందది. బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకిస్తుంది. ఒక యూనిట్ కరెంటుకి నాలుగు యూనిట్ల వేడి. మొదటిసారి వేడెక్కడానికి 80 యూనిట్ల పైచిలుకు పట్టింది. పైశ్లాబులో యూనిట్ పది రూపాయలనుకున్నా 820. ఆ తర్వాత మూత పుణ్యమా అని రోజుకి 13 యూనిట్ల లోపే. యంత్రం ఖరీదు తక్కువేం కాదు, కొడుకు పంపిన డబ్బు అక్కడ పనికొచ్చింది. తవ్వకం మాత్రం తప్పింది.

ఇందులో కిటుకు ఒకటుంది. తెల్లవారుజామున చలిగాలిలో హీట్ పంప్ నీరసపడుతుంది. మధ్యాహ్నం ఎండలో నడిపితే అదే కరెంటుకి ఎక్కువ వేడి ఇస్తుంది. డిసెంబరులో కూడా ఇక్కడ మధ్యాహ్నం హాయిగా 28 డిగ్రీలుంటుంది. అందుకే ఫిజియోథెరపీ వేళ ఉదయం నుంచి సాయంత్రం నాలుగింటికి మారింది. ఆ అమ్మాయి స్కూటీ మీద మేడ్చల్ నుంచి రావాలి, మొదట కాస్త సణిగింది. ‘ఆంటీ నీళ్లలో నవ్వుతున్నారు కదా, సరేలెండి అంకుల్’ అని తర్వాత ఒప్పుకుంది.

మొదటిరోజు ఆవిడ మెట్టు మీద చాలాసేపు నిలబడ్డారు. ఆయన అవతలి ఒడ్డున థర్మామీటరు తాడు పట్టుకుని, ‘ముప్ఫైమూడున్నర ఉంది, దిగు’ అన్నారు. ఆవిడ దిగారు. నడుం లోతు నీళ్లలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఆరుసార్లు నడిచారు. మూడోవారానికి మోకాలు 90 డిగ్రీలు దాటి వంగింది. సంక్రాంతికి ముగ్గు వేస్తానని పీట వేసుకుని కూర్చుంటే ఇంటిల్లిపాదీ కేకలేశారు.

వీధి లైను కోసం దరఖాస్తు మాత్రం ఆయన పెట్టారు. కొలనుకి కాదు, వంటింటికి. మిగతా ఇళ్ల యజమానుల ఫోన్ నంబర్లు వాచ్‌మన్‌ల దగ్గర రాసుకుంటున్నారు. పదిలో ఇప్పటికి నలుగురు సరేనన్నారు.